మంట లేని ఇల్లు – మండే బిల్లు

తెలుగువారి ఇళ్ళలో వంటకూ, స్నానానికీ కావలసిన వేడి ఒకప్పుడు కంటికి కనిపించే వస్తువుల రూపంలో వచ్చేది. పెరట్లో పేర్చిన కట్టెలమోపులు, గోడకు కొట్టిన పిడకలు, కుంపటి పక్కన బొగ్గుల బస్తా, తరువాతి కాలంలో కిరసనాయిలు డబ్బా, గ్యాసు సిలిండరు – వీటిలో ఏది తరిగిపోతున్నా ఇల్లాలికి ముందుగానే తెలిసేది. మోపు సగమయిందంటే నెల ఖర్చు సగమయినట్లే లెక్క. సిలిండరు నలభై రోజులు రావలసింది ముప్పై రోజులకే అయిపోతే, చుట్టాలు వచ్చి వెళ్ళిన సంగతి గుర్తుకు వచ్చేది. ఖర్చుకూ దాని కారణానికీ మధ్య దూరం ఉండేది కాదు.

ఇటీవలి కాలంలో నగరాలలోనూ, పట్టణాలలోనూ కొన్ని ఇళ్ళు పూర్తిగా విద్యుత్తుపైనే ఆధారపడుతున్నాయి. వంటకు ఇండక్షన్ పొయ్యి, స్నానానికి గీజరు, వేసవికి ఏసీ, నీటికి మోటారు. ఇంట్లో పొగ లేదు, మసి లేదు, సిలిండరు కోసం ఎదురుచూపు లేదు. అగ్నికి సంస్కృతంలో కృష్ణవర్త్ముడు, అంటే నల్లని దారి గలవాడు అని ఒక పేరుంది. పాత వంటింటి గోడమీద ఆ నల్లని దారి స్పష్టంగా కనిపించేది. కొత్త ఇంట్లో మంట ఏ జాడా విడిచిపెట్టదు. నిజానికి మంట ఆరిపోలేదు. ఇల్లు విడిచి రామగుండానికో, కొత్తగూడేనికో తరలిపోయింది. అక్కడ బొగ్గు మండితే ఇక్కడ అన్నం ఉడుకుతుంది. ఇంట్లో దాని జాడ మీటరు అంకెలలో మాత్రమే మిగులుతుంది. ఆ అంకెల అర్థం ఏమిటో తెలియకపోతే, నెలాఖరున వచ్చే బిల్లు పిడుగుపాటులాగే తోస్తుంది.

బిల్లు వచ్చిన రోజున చాలా ఇళ్ళలో ఒకే విధమైన తగవు నడుస్తుంది. పిల్లలు గదిలో లైటు ఆర్పకుండా వెళ్ళారని తండ్రి కోప్పడతాడు. తాతగారు రోజంతా టీవీ పెట్టుకుంటారని ఎవరో గొణుగుతారు. ఇది విని ఆ పెద్దాయన మరునాటి నుండి చీకట్లో కూర్చుంటాడు. ఎవరి తప్పూ తేలనప్పుడు మీటరే తప్పుగా తిరుగుతోందన్న నిర్ణయానికి వస్తారు. ఈ తగవు సాగినంతసేపూ స్నానాలగదిలో గీజరు ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. దానివంక ఎవరూ చూడరు.

ఇలా జరగటానికి పేరు కూడా కొంత కారణం కావచ్చు. విద్యుత్ అనే మాటకు మిక్కిలి ప్రకాశించేది అని వ్యుత్పత్తి. పేరు వెలుగును గురించే చెబుతుంది. జనం కూడా దానిని మొదట వెలుగుగానే ఎరిగారు. కాని నేటి ఇంటి బిల్లులో వెలుగు వాటా మిక్కిలి స్వల్పం. బిల్లును పెంచేది వేడి – పుట్టించే వేడి, తోడిపోసే వేడి.

ఈ విషయం గ్రహించటానికి రెండు మాటలు తెలిస్తే చాలు: వాటు, యూనిట్. జేమ్స్ వాట్ (1736-1819) పేరు మీద ఏర్పడిన వాటు, శక్తి ఎంత వేగంగా ఖర్చవుతున్నదో తెలుపుతుంది. కుళాయి ధార ఎంత లావుగా ఉందో చెప్పటం వంటిది వాటు. బకెట్టులోకి చివరకు ఎంత నీరు చేరిందో చెప్పటం వంటిది యూనిట్. వెయ్యి వాట్ల ఉపకరణం ఒక గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. రెండువేల వాట్ల గీజరుకు ఆ యూనిట్ అరగంటకే సరి. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బుకు అదే యూనిట్ 111 గంటలు వస్తుంది. వాట్లను మాత్రమే చూసినా, గంటలను మాత్రమే చూసినా లెక్క తప్పుతుంది, రెంటినీ గుణించాలి. మిక్సీ చేసే రొద విని అది ఎంత కరెంటు తాగుతున్నదో అని భయపడేవారున్నారు. 750 వాట్ల మిక్సీ రోజుకు పది నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది 0.125 యూనిట్ మాత్రమే. మూలన చప్పుడు లేకుండా ఇరవై నాలుగు గంటలూ వెలిగే పది వాట్ల వైఫై పెట్టె 0.24 యూనిట్ తీసుకుంటుంది, అంటే మిక్సీకి దాదాపు రెట్టింపు.

వేడికీ, పనికీ మధ్యగల మారకపు రేటును 1840వ దశకంలో జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ ప్రయోగాలు చేసి కొలిచాడు. దాని ప్రకారం ఒక యూనిట్ విద్యుత్తు 860 లీటర్ల నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ మేరకు మాత్రమే వేడిచేయగలదు. 25 డిగ్రీల చన్నీటిని 40 డిగ్రీల స్నానపు నీరుగా మార్చాలంటే 20 లీటర్ల బకెట్టుకు సుమారు 0.35 యూనిట్ కావాలి. ఒక్క బకెట్టు వేడినీటికి పట్టే విద్యుత్తుతో ఎల్ఈడీ బల్బు 39 గంటలు వెలుగుతుంది. నలుగురున్న ఇంట్లో తలా ఒక బకెట్టు అంటే నెలకు 42 యూనిట్లు. ఏ కంపెనీ గీజరు కొన్నా ఈ లెక్కలో పెద్ద తేడా రాదు, ఎందుకంటే నీరు కోరే వేడి నీరు కోరుతుంది. తేడా వచ్చేది వాడకంలోనే. మీట నొక్కి మరచిపోయిన గీజరు, లోపలి నీరు చల్లారినప్పుడల్లా తనంతట తానే మళ్ళీ కాస్తుంది. ఎవరూ స్నానం చేయకపోయినా ఖర్చు సాగుతూనే ఉంటుంది.

పెద్దలు లైట్ల విషయంలో కోప్పడటం అకారణమని కొట్టివేయటం న్యాయం కాదు. వారి కాలంలో అది సరైన లెక్కే. అరవై వాట్ల పాత బల్బులు ఎనిమిది, రోజుకు అయిదేసి గంటలు వెలిగితే నెలకు 72 యూనిట్లయ్యేవి. ఎల్ఈడీ బల్బులు సామాన్యులకు అందుబాటులోకి రావటానికి 2015లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన ఉజాలా పథకం తోడ్పడింది. అవే ఎనిమిది దీపాలు తొమ్మిది వాట్లవైతే నెలకు 11 యూనిట్లు చాలు. దీపం మారింది, దీపాన్ని గురించిన మందలింపు మాత్రం మారలేదు.

వంట సంగతి చూడాలి. 14.2 కిలోల సిలిండరులో ఉన్న వాయువు మండితే వచ్చే వేడి దాదాపు 180 యూనిట్లకు సమానం. అందులో సుమారు మూడోవంతు గిన్నె పక్కల నుండి గాలిలో కలిసిపోతుంది. ఇండక్షన్ పొయ్యి గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది కనుక వృథా తక్కువ. ఒక సిలిండరు చేసే పనిని అది సుమారు 140 యూనిట్లతో చేయగలదు. సిలిండరు నలభై అయిదు రోజులు వచ్చే ఇంట్లో వంట విద్యుత్తుకు మారితే నెలకు 93 యూనిట్లు అదనంగా చేరుతాయి. సిలిండరు డబ్బు మిగిలింది కదా అని సంతోషించేవారు ఆ డబ్బు బిల్లులోకి మారిందని గుర్తించక, కరెంటు బిల్లు పెరిగిందని మాత్రమే బాధపడతారు. మారటం లాభమా, నష్టమా అన్నది ఆ 93 యూనిట్లు ఏ ధరకు పడుతున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ ధర సంగతి కొంచెం తరువాత వస్తుంది.

ఏసీని గురించి ఒక అపోహ ఉంది. అది చల్లదనాన్ని తయారుచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది చేసేది వేరు: గదిలోని వేడిని తోడి బయట పోస్తుంది. బావినుండి నీరు తోడటం వంటిదే ఈ పని. నీరు ఎంత లోతున ఉంటే చేదటం అంత కష్టం. హైదరాబాదులో బయట 42 డిగ్రీల ఎండ కాస్తుండగా గదిని 20 డిగ్రీల వద్ద ఉంచాలంటే లోతు ఇరవై రెండు. 24 డిగ్రీల వద్ద ఉంచితే లోతు పద్దెనిమిదే. ఉష్ణోగ్రతను ఒక డిగ్రీ పెంచి పెట్టుకుంటే సుమారు ఆరు శాతం విద్యుత్తు ఆదా అవుతుందని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018లో తెలిపింది. 2020 జనవరి నుండి నక్షత్రాల గుర్తు గల ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్దనే మొదలయ్యేలా తయారు కావాలని నిబంధన వచ్చింది. అయినా దూరనియంత్రికను చేతబట్టి దానిని పద్దెనిమిదికి దించేవారు దించుతూనే ఉన్నారు. పద్దెనిమిది అంకె వేస్తే గది త్వరగా చల్లబడుతుందన్నది వారి నమ్మకం. పాతరకం ఏసీకి ఆ నమ్మకంతో పనిలేదు. అది తోడే వేగంతోనే తోడుతుంది, కాకపోతే ఎప్పటికీ ఆగదు. కొత్తరకం ఇన్వర్టరు ఏసీ అయితే లోతు పెరిగేకొద్దీ మరింత శ్రమపడి మరింత కరెంటు తీసుకుంటుంది. 2006లో మొదలైన నక్షత్రాల గుర్తులో కూడా సంవత్సరాన్ని గమనించాలి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినతరం చేస్తుంటారు గనుక పాత అయిదు నక్షత్రాలూ కొత్త అయిదు నక్షత్రాలూ ఒకటి కావు. డాబా కింది పై అంతస్తు గదులలో ఏసీకి మరో భారం ఉంటుంది. పగలంతా ఎండ తాగిన కప్పు రాత్రి ఆ వేడిని గదిలోకి విడుస్తుంది. డాబాకు తెల్లని పూత వేయటం ఆ భారాన్ని తగ్గిస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించటానికి ఈ సూత్రమే ఆధారం.

పంకాల విషయం ఎవరికీ తట్టదు. 75 వాట్ల పంకాలు నాలుగు, రోజుకు పదేసి గంటలు తిరిగితే నెలకు 90 యూనిట్లు. ఒక్కొక్కటి చిన్నదే, తిరిగే గంటలే పెద్దవి. ముప్పై వాట్లతో పనిచేసే కొత్తరకం పంకాలు ఇదే గాలికి 36 యూనిట్లు తీసుకుంటాయి.

ఈ లెక్కలన్నీ కలిపి చూడటానికి హైదరాబాదులో నలుగురు సభ్యులున్న ఒక సొంత ఇంటిని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. డిసెంబరు నెలలో వంటకు 93 యూనిట్లు, గీజరుకు 42, పంకాలకు 45, రిఫ్రిజిరేటరుకు 24, నీటి మోటారుకు 15, టీవీకి 12, దీపాలకు 11, ఇస్త్రీపెట్టెకు 10, బట్టలు ఉతికే యంత్రానికి 9 – మొత్తం 261. మే నెలలో గీజరు ఆగుతుంది. పంకాలు 90 యూనిట్లకు, రిఫ్రిజిరేటరు 30కి పెరుగుతాయి. సగటున 800 వాట్లు తీసుకుంటూ ఒక ఏసీ రాత్రి ఎనిమిది గంటలు, మరొకటి మధ్యాహ్నం నాలుగు గంటలు నడిస్తే 288 యూనిట్లు చేరుతాయి. మొత్తం 558. వాడకం రెట్టింపును కొద్దిగా దాటింది. బిల్లు కూడా రెట్టింపే కావాలని ఎవరైనా ఆశిస్తారు. అలా జరగదు.

విద్యుత్తు ధర బియ్యం ధర వంటిది కాదు. ఎక్కువ కొన్నవారికి అంగడిలో ధర తగ్గుతుంది, ఇక్కడ పెరుగుతుంది. దీనినే శ్లాబు పద్ధతి అంటారు. తక్కువ వాడే పేదవారికి చౌకగా ఇవ్వాలన్నది ఇందులోని ఉద్దేశం. తెలంగాణ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 సంవత్సరానికి ఖరారు చేసిన ధరల ప్రకారం, నెలకు వంద దాటి రెండువందల యూనిట్ల లోపు వాడే ఇంటికి మొదటి వంద యూనిట్లు 3.40 రూపాయల చొప్పున, తరువాతి వంద 4.80 చొప్పున పడతాయి. రెండువందల యూనిట్లకు విద్యుత్ ఛార్జీ 820 రూపాయలు. ఒక్క యూనిట్ పెరిగి 201 అయితే ఆ ఇల్లు మరో వర్గంలోకి మారిపోతుంది. అప్పుడు మొదటి రెండువందల యూనిట్లకూ 5.10 చొప్పున లెక్కకట్టి, పై యూనిట్‌కు 7.70 కలుపుతారు. ఛార్జీ 1,027.70 అవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207.70 రూపాయలు! తెలంగాణలో 2024 మార్చి నుండి అమలుకు వచ్చిన గృహజ్యోతి ఉచిత విద్యుత్తు కూడా రెండువందల యూనిట్ల లోపు వాడకానికే కనుక, అర్హత గల కుటుంబాలకు ఈ గీత మరింత ముఖ్యం.

రెండువందలు దాటిన తరువాత 300 వరకు 7.70, 400 వరకు 9.00, 800 వరకు 9.50, ఆపైన 10 రూపాయలు. ఈ ధరలతో ఉదాహరణలోని ఇంటికి డిసెంబరులో 1,489.70 రూపాయలు, మే నెలలో 4,191 రూపాయలు అవుతాయి. స్థిరఛార్జీ, వినియోగదారు ఛార్జీ, విద్యుత్ సుంకం వంటివి వీటికి అదనం. వాడకం రెండురెట్లు, బిల్లు దాదాపు మూడురెట్లు! మీటరు మీద అనుమానం పుట్టేది సరిగ్గా ఇక్కడే. మీటరు చేసిన అన్యాయం ఏమీ లేదు. చివరి యూనిట్లు మొదటి యూనిట్ల కంటే ఎంతో ప్రియమైనవి, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఈ వర్గ విభజనను తొలగించి అందరికీ ఒకే వరుస మెట్లను ఏర్పాటుచేశారు. మొదటి 30 యూనిట్లు 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. అక్కడ మెట్టు దాటినవారికి దాటిన యూనిట్లకు మాత్రమే ధర పెరుగుతుంది. వెనుకటి యూనిట్ల ధర మారదు. అందువల్ల ఒక్క యూనిట్‌కు రెండువందలు పడే గండం లేదు. అయితే, గత కాలపు ఇంధన వ్యయం హెచ్చుతగ్గులను సర్దుబాటు పేరుతో తరువాతి బిల్లులలో వసూలు చేయటం అక్కడి వినియోగదారులకు వేరొక చిక్కు. ఈ నెల పొదుపుగా వాడినా, ఎప్పుడో వాడినదాని బాకీ బిల్లులో కనిపిస్తుంది. తమ వాడకం పెరిగిందా, పాత బాకీ చేరిందా అన్నది బిల్లులోని వరుసలను విడివిడిగా చదివితే గాని తెలియదు.

పొదుపు ఎక్కడ చేయాలన్న ప్రశ్నకు జవాబు ఈ ధరల పట్టికలోనే ఉంది. తగ్గించిన ప్రతి యూనిట్ పై మెట్టు నుండే తగ్గుతుంది. మే నెలలో ఆ ఇంటివారు నెలంతా ఒక్క దీపమూ వెలిగించకుండా చీకట్లో గడిపినా మిగిలేది 11 యూనిట్లు, అంటే 104 రూపాయల 50 పైసలు. అంతవరకు 20 డిగ్రీల వద్ద నడుపుతున్న ఏసీలను 24కు మార్చి పంకా వేసుకుంటే సుమారు 69 యూనిట్లు, 650 రూపాయల పైచిలుకు మిగులుతాయి. ఎవరూ చీకట్లో కూర్చోనక్కరలేదు. డిసెంబరులో 61 యూనిట్లు తగ్గించగలిగితే ఆ ఇల్లు 200 గీతకు చేరి 669 రూపాయల 70 పైసలు ఆదా చేస్తుంది. పంకాలు మార్చితే 27 యూనిట్లు తగ్గుతాయి. మిగిలిన 34కు గీజరును స్నానానికి ముందు మాత్రమే వేయటం, పప్పూ అన్నమూ ప్రెషర్ కుక్కరులోనే వండటం, కొంత వంటను గ్యాసుకే విడిచిపెట్టటం వంటి దారులున్నాయి. ఇండక్షన్ వంట 3.40 రూపాయల యూనిట్లతో సాగితే ఒక సిలిండరు పనికి 476 రూపాయలే అవుతాయి; 9 రూపాయల యూనిట్లతో సాగితే 1,260 అవుతాయి. ఆనాటి సిలిండరు ధరను పక్కన పెట్టి చూస్తే ఏ నెలలో ఏది లాభమో తెలిసిపోతుంది. అన్నీ విద్యుత్తుతోనే జరగాలన్న పంతం కంటే ఈ లెక్క మేలు.

ఇంత చెప్పినా మీటరు ఎన్నడూ తప్పదని అర్థం కాదు. తప్పిందో లేదో తెలుసుకోవటం కష్టమూ కాదు. మొదట బిల్లులోని వెనుకటి రీడింగును, ఇప్పటి రీడింగును చూసి, రెండవది మీటరు మీది అంకెతో సరిపోతున్నదో లేదో గమనించాలి. ఇంటికి తాళం వేసి ఉన్న నెలలో సగటు లెక్కన బిల్లు వేస్తే, తరువాతి నెలలో తేడా బయటపడుతుంది. ఎలక్ట్రానిక్ మీటరులో చిన్న ఎర్రదీపం మిణుకుతూ ఉంటుంది. ఒక యూనిట్‌కు ఎన్ని మిణుకులో మీటరు పలక మీదనే ముద్రించి ఉంటుంది. అది 3200 అయినప్పుడు, ఇంట్లో వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె ఒక్కటే వేడెక్కుతుంటే నిమిషానికి సుమారు 53 మిణుకులు రావాలి. అంతకు చాలా ఎక్కువ వస్తే మీటరును అనుమానించవచ్చు. ఇంట్లోని స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులు తీసినా మిణుకులు ఆగకపోతే లోపం వైరింగులో ఉన్నట్లు భావించాలి. తడిగోడలో ఎక్కడో కరెంటు కారిపోతున్నదేమో, పక్కవాటాకు ఇక్కడినుండే తీగ వెళ్ళిందేమో నిపుణుడైన ఎలక్ట్రీషియన్ చూడాలి. కారిపోయే కరెంటు బిల్లుకే కాదు, ప్రాణానికీ ముప్పు. మీటరు మీదనే అనుమానం నిలిస్తే దానిని పరీక్షించమని విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేయవచ్చు. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే 2003 విద్యుత్ చట్టం ప్రకారం ఏర్పడిన వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది. దానిపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు కంటే, తేదీలతోసహా వారం రోజుల రీడింగులు రాసి ఉన్న కాగితానికి అక్కడ విలువ ఎక్కువ.

సొంత డాబా ఉన్నవారికి మరొక మార్గం తెరచుకుంది. కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన సూర్యఘర్ పథకం కింద ఇంటి పైకప్పు మీద సౌరఫలకాలు పెట్టుకునేవారికి ఒక కిలోవాటుకు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు లేక అంతకు మించితే 78 వేల రూపాయల రాయితీ నిర్ణయించారు. ఒక కిలోవాటు ఫలకాలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు, నెలకు 120 యూనిట్లు ఇస్తాయి. ఉదాహరణలోని ఇంటికి రెండు కిలోవాట్లున్నట్లయితే మే నెల వాడకం 558 నుండి 318కి దిగుతుంది. ఛార్జీ 4,191 రూపాయల నుండి 1,952కు వస్తుంది. ఏ ఎండ గదిని కాల్చి ఏసీని నడిపించిందో, ఆ ఎండే డాబా మీద పడి ఆ ఏసీకి కావలసిన కరెంటులో అధికభాగాన్ని ఇస్తుంది. డిసెంబరులో అదే ఇంటికి కొనవలసినవి 21 యూనిట్లే.